అస్థినామ నిర్ణయము

మా పాఠశాలలో చదివి పిమ్మట నగరమున కంప్యూటరు విద్య నేర్చుకొన్న శిష్యుడొకడు గడచిన సంక్రాంతి సెలవులలో మైపాడు చేరువనున్న తన పల్లెకు వచ్చి, ఒకనాటి సాయంకాలము మమ్ము చూచిపోవుటకు మా యింటికి వచ్చెను. పదునెనిమిదవ యేట పడవ యింజను పట్టీలో చిక్కి యతని యెడమచేయి మోచేతికి జానెడు క్రింద తెగిపోయినది. దానిని కండువాతో కప్పుకొను స్వభావ మతనికి లేదు. వర్చువల్ రియాలిటీ యను నూతన వినోదమునకై తన్ను బోలిన బొమ్మ నొకదానిని కంప్యూటరులో నిర్మించుకొని, తనకున్నట్లే దాని యెడమచేతిని కుఱుచగా నుంచెనట. బొమ్మను స్వీకరింపవలసిన కార్యక్రమము దానిని త్రోసివేసి, 'ఎడమ హస్తము' అను నెముక కనబడలేదు గనుక దీనిని మనుష్యాకృతిగా గ్రహింపజాలనని తెలిపెనట. "అయ్యవారూ, నాకు లేని ఎముకకి పేరు పెడితేగాని ఇది నన్ను మనిషిగా ఒప్పుకోదంట" అని యతడు నవ్వుచునే చెప్పెను. మా యింటివారు మాత్రము నవ్వలేదు.

ఎముకలకు పేళ్లు పెట్టుట వైద్యుల పనియనియు, అది యెన్నడో ముగిసిన పనియనియు మేమంతవఱకు తలచియుంటిమి. ఆ సెలవులలో నతనితో కూర్చుండి యీ విషయమును విచారింపగా, అది రెండువేల యేండ్లకు పైబడిన వివాదమనియు, నేటికిని ముగియలేదనియు తెలిసినది. తెలిసికొన్నంత పాఠకులకు విన్నవించుచున్నాము.

మొదట నీ వినోదమేమో చెప్పవలెను. మా నెల్లూరిలో వి. ఆర్. అను రెండక్షరములు వినబడినచో పెద్దలకు వేంకటగిరి రాజావారి కళాశాలయే తలపునకు వచ్చును. పిల్లలకు కన్నులకు కట్టుకొను నొక పెట్టె తలపునకు వచ్చును. ఆ పెట్టె ధరించినవారికి తామొక వేఱుచోట నున్నట్లు తోచును. అచట తమకు మాఱుగా తిరుగు బొమ్మకు 'అవతార్' అని పేరు. ఇది మన అవతార శబ్దమే. 1985, 1986 సంవత్సరములలో అమెరికా దేశపు కంప్యూటరు క్రీడలలో ఈ యర్థమున ప్రవేశించి, 1992లో నీల్ స్టీఫెన్సన్ వ్రాసిన నవలవలన లోకమున వ్యాపించి, తుదియక్షరములు పోగొట్టుకొని మనయింటికి తిరిగివచ్చినది. ఈ యవతారమునకు పైని చర్మము, లోన నెముకలు నుండును. చర్మము చూచువారికొఱకు, ఎముకలు కదలికకొఱకు. కదలిక వేఱొకచోట, వేఱొకరి దేహమునుండి గ్రహింపబడి దాచబడియుండును. 'కుడి ముంజేయి ఇంత తిరుగవలెను, తల ఇంత వంగవలెను' అని యా కదలిక యాజ్ఞాపించును. ఆ యాజ్ఞ యే యెముకకు చేరవలెనో తెలుపునది పేరొక్కటియే. బొమ్మ చేసినవాడొక పేరు పెట్టి, కదలికను గ్రహించినవాడు వేఱొక పేరు పెట్టినచో ఆజ్ఞ గాలిలో కలసిపోవును. బొమ్మ చేతులు చాచుకొని కొయ్యవలె నిలిచియుండును.

ఈ 'ఎముక' యన్నది నిజముగా నెముక కాదు. అది కీలు. దీనిని బోధించుటకు మాకు మన తోలుబొమ్మకంటె మంచి యుపకరణము దొరకలేదు. అనంతపురము, గుంటూరు మొదలగు ప్రాంతములందువలెనే మా నెల్లూరు జిల్లాలోను తోలుబొమ్మలాట చిరకాలముగ నున్నది. మేక తోలును పలుచగా గీసి, రంగులద్ది, మెడ, భుజము, మోచేయి, తొడ, మోకాలు అనుచోట్ల ముక్కలుగా కోసి దారపు ముడులతో కలుపుదురు. నడుమ నొక నిలువు కఱ్ఱ బొమ్మను మోయును. చేతులకు వేఱు పుల్లలుండును. ఆడించువాని కెముక యక్కఱలేదు, ముడి కావలెను. భుజమున ముడి వదులైనచో హనుమంతుని చేయి యంతయు వ్రేలాడును; మోచేతి ముడి యొక్కటియే తెగినచో ముంజేయి మాత్రమే పోవును. అనగా ప్రతి ముడియు తన క్రిందనున్న ముడులనన్నిటిని మోయుచున్నది. కంప్యూటరు బొమ్మయందును సరిగా ఇదియే యేర్పాటు. నడుము కదలిన దేహమంతయు కదలును. మణికట్టు కదలిన వ్రేళ్లు మాత్రమే కదలును. భేదమేమన, బొమ్మలాటవాని మేళములో నొక్క కుటుంబము వారే బొమ్మను కోయుదురు, వారే యాడింతురు. ఏ ముడినేమనినను చిక్కులేదు. ఇచట బొమ్మ జపానులో పుట్టును, కదలిక అమెరికాలో పుట్టును, ఆడించువాడు మైపాడున నుండును.

మన తీరమున వంజరమని పిలుచు చేపను విశాఖపట్టణపు వైపున కోనెమందురు. ఎవరి రేవున వారు తినునంతకాలము రెండుపేళ్లుండుటవలన నెవరికిని నష్టము లేదు. మంచుపెట్టెలో వేసి దూరదేశము పంపునప్పుడు చీటిమీద నేమి వ్రాయవలెనను ప్రశ్న పుట్టును. ఎముకల పేళ్లకును చిక్కు పుట్టినది ప్రయాణముననే.

మా శిష్యుడు మాకొక పట్టిక చూపెను. భుజమునుండి మోచేతివఱకు గల భాగమును మిక్సామో యనునది 'లెఫ్ట్ ఆర్మ్' అనును. అన్‌రియల్ అనునది 'అప్పర్ఆర్మ్ ఎల్' అని పక్షమును తుదను చేర్చును. యూనిటీ యనునది 'లెఫ్ట్ అప్పర్ ఆర్మ్' అనును. ఇంతవఱకు కేవలము రూపభేదమే. ఒక నిఘంటువు వ్రాసికొనిన తీరిపోవును. కష్టమంతయు ఒకే మాట రెండెముకలకు చెల్లుచోట నున్నది. 'షోల్డర్' అనగా యూనిటీకిని మిక్సామోకును మెడక్రింద నడ్డముగా నుండు ఎముక. హెచ్-ఆనిమ్ అను మఱియొక ప్రమాణమునకు అదే మాట రెట్ట తిరుగు కీలు. 'లెఫ్ట్ లెగ్' అని మిక్సామో వ్రాసినది మోకాలికి క్రిందిభాగము మాత్రమే. వైద్యశాస్త్రపు ఇంగ్లీషులోను 'లెగ్' అనగా మోకాలి క్రిందిదే గనుక ఇది తప్పుగాదు. కాని మాటాడుకొను ఇంగ్లీషులో అది తుంటినుండి పాదమువఱకు గల కాలంతయు. మన కాలును, చేయియు నిట్టివే. 'చేయి కడుగుకొనుము' అనునపుడు చేయి మణికట్టువఱకు. 'చేయి విఱిగినది' అనునపుడు భుజమువఱకు. లోకవ్యవహారమునకు ఈ సందిగ్ధత సుఖముగనే యుండును. యంత్రము సందర్భమును జూచి యర్థము చేసికొనదు.

ఇట్టి చిక్కు మనవారికి క్రొత్తది కాదు. చరకసంహిత దేహమున 360 ఎముకలున్నవనును. సుశ్రుతసంహిత ఆ లెక్కను పేర్కొనియు, శల్యతంత్రమున మాత్రము 300 అని నిర్ణయించును. నేటి వైద్యులు వయస్సు వచ్చినవానికి 206 అందురు. ఈ మూడంకెలను వరుసగా బెట్టి మన ప్రాచీనులను పరిహసించువారిని మేము చూచితిమి. ఏదో యొకవిధముగా 206కు సరిపెట్టి గర్వపడువారినిగూడ చూచితిమి. ఇద్దఱును గ్రంథము విప్పినవారు కారు. చరకుని లెక్కలో దంతములు 32, వాని కుదుళ్లు 32, గోళ్లు 20 చేరియున్నవి. అనగా దేహమున గట్టిగానుండు ప్రతి వస్తువు నాతడు లెక్కించెను. సుశ్రుతుని సంప్రదాయము శస్త్రవైద్యులది; గోళ్లను వదలి, దంతములనుంచి, ఎముకలను కపాలము, రుచకము, తరుణము, వలయము, నలకము అని యైదు జాతులుగా విభజించెను. తరుణమనగా మెత్తనిది, నేడు మృదులాస్థి యనుచున్నాము. దానినిగూడ ఎముకలలో చేర్చుటచే సంఖ్య పెరిగినది. కోయువానికి ప్రయోజనపడు లెక్క యది. చేతులు కాళ్లలో 120, మొండెమున 117, మెడయందును దానిపైని 63; కూడిన 300 అగును.

ఈ లెక్కను చదివి మా శిష్యుడు నవ్వి, యూనిటీ వారి పట్టికను చూపెను. దానిలో 55 'ఎముకలు'న్నవి. వానిలో రెండు కన్నులు! కనుగ్రుడ్డు తిరుగవలెను గనుక దానికొక కీలు కావలెను. కీలు గనుక ఎముకల పట్టికలో చేరినది. గోటిని చరకుడు ఎముకయనినందుకు వెక్కిరించువాడు కంటిని ఎముకయనినవానినేమనును? మాకు తోచినంతవఱకు ఇద్దఱును సమర్థులే. లెక్కించువాడు తన పనికేది యొక వస్తువో దానినే యొకటిగా లెక్కించును.

కాని ప్రయోజనభేదముతో సమర్థింపరాని యంశమొకటి కలదు. అది బొటనవ్రేలు.

పాఠకులు తమ కుడిచేతిని ముందుంచుకొని చూడుడు. చూపుడువ్రేలు మొదలు చిటికెనవ్రేలు వఱకు ఒక్కొక్క వ్రేలికి మూడేసి కణుపులు. బొటనవ్రేలికి రెండే. అఱచేతిలో దాని మొదట దాగియున్న మూడవ యెముక, తక్కిన నాలుగు వ్రేళ్లక్రిందను అఱచేతిలోనున్న కరభాస్థుల జాతిలోనిది. కాని తక్కిన కరభాస్థులు దాదాపు కదలనివి, ఇదియో వ్రేలివలె స్వేచ్ఛగా తిరుగును. కనుక దీనిని వ్రేలిలో చేర్చవలెనా, అఱచేతిలో చేర్చవలెనా? సుశ్రుతుడు కాలివ్రేలొక్కింటికి మూడేసి చొప్పున పాదమునకు 15 అని చెప్పి, ఒక కాలికి మొత్తము 30 లెక్కించి, రెండవకాలికిని చేతులకును అదియే లెక్కయని ముగించెను. (చేతికి మడమ యెక్కడిదని మా శిష్యుడడిగిన ప్రశ్నకు మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఒకప్రక్క నిర్మించి రెండవప్రక్కకు త్రిప్పివేయుట కంప్యూటరు బొమ్మలవారి పద్ధతియు నగునట.) చరకుడును ఇరువది వ్రేళ్లకు 60 అనెను. నేటి లెక్క 56. తక్కువైన నాలుగును రెండు బొటనవ్రేళ్లవి, రెండు కాలి బొటనవ్రేళ్లవి. గ్రీకు వైద్యుడైన గాలెను సయితము చేతి బొటనవ్రేలికి మూడు కణుపులనియే నిశ్చయించెను. 1543లో వెసాలియస్ తన మహాగ్రంథమున గాలెను తప్పుల ననేకముగా దిద్దియు ఈ యొక్కచోట నాతనినే యనుసరించెను.

మఱి యూనిటీ పట్టికలో నేమున్నది? చేతికి అయిదు వ్రేళ్లు, వ్రేలికి మూడేసి, మొత్తము 15. బొటనవ్రేలికిని మొదటిది, నడిమిది, తుదిది అనియే పేళ్లు. సుశ్రుతుని చూచి వ్రాసినవారు కారుగదా! వరుస చక్కగా నుండవలెనను కోరిక రెండు కాలములయందును మనుష్యుని నొకే పొరపాటునకు తెచ్చినది. జపానులో 2018లో ప్రకటింపబడిన వి. ఆర్. ఎమ్. అను అవతార ప్రమాణము మొదట ఈ పేళ్లనే గ్రహించెను. 2022లో వెలువడిన దాని 1.0 రూపమున దీనిని దిద్దిరి: బొటనవ్రేలి మొదటి యెముకకు కరభాస్థి యనియు, తరువాతిదానికి మొదటి కణుపనియు, తుదిదానికి తుది కణుపనియు పేళ్లు పెట్టిరి. శాస్త్రమునకిదియే సరి. కాని ఫలమేమయ్యెను? 'మొదటి కణుపు' అను పేరు పాత పట్టికలోను క్రొత్త పట్టికలోను ఉన్నది. పాతదానిలో నది యొక యెముక, క్రొత్తదానిలో వేఱొక యెముక. క్రొత్త పేరైనచో యంత్రము 'నేనెఱుగను' అని మొఱపెట్టును. తెలిసిన పేరే యర్థము మార్చుకొని వచ్చినచో మాఱుపలుకక తప్పుచోట వంచును. పేరు లేకపోవుటకంటె పాతపేరు క్రొత్తచోట కూర్చుండుట ప్రమాదకరమని మేమిచట గ్రహించితిమి. సంస్కృతమునుండి పారిభాషిక పదములను తెచ్చుకొనుటలో మనవారు పడిన చిక్కును సరిగా నిట్టిదే. దానిని ముందు చెప్పెదము.

యూరపులోని వైద్యులు ఈ పేళ్ల యరణ్యమును నఱికిన కథ కొంత చెప్పుట యవసరము. పందొమ్మిదవ శతాబ్దము తుదినాటికి దేహభాగములకు వారిలో సుమారు 50,000 పేళ్లు వాడుకలో నుండెను. ఒకే భాగమునకు ప్రతి విశ్వవిద్యాలయమున నొకపేరు, కనుగొన్నవాని పేరొకటి, వానిని పడనివాడు పెట్టినదొకటి. జర్మను శారీరశాస్త్ర పరిషత్తువారు కొన్నియేండ్లు శ్రమించి 1895లో బేసెల్ నగరమున సమావేశమై, సుమారు 5,000 లాటిను పేళ్లను మాత్రము నిలిపిరి. ఒక్కొక్క భాగమునకొక్కటే పేరుండవలెననియు, పేరు పొట్టిగా నుండవలెననియు, వ్యక్తుల పేళ్లు శాస్త్రనామములు కారాదనియు వారి నియమములు. మాకీ కడపటి నియమము మిక్కిలి నచ్చినది. అయినను ఐకమత్యము నిలువలేదు. 1933లో ఇంగ్లండువారు బర్మింగ్‌హామ్ నగరమున తమ సవరణ చేసికొనిరి. 1935లో జర్మనులు జేనా నగరమున తమది చేసికొనిరి. ఏకనామమునకై పుట్టిన పట్టిక మూడు పట్టికలయ్యెను. 1955లో పారిసునందు మరల నొకటి చేసి, 1998లో దానిని 'టెర్మినొలోజియా అనటోమికా' యను పేర ప్రకటించుటతో కొంత స్థిరపడినది. అరువది యేండ్లలో మూడుమార్లు కట్టిన యిల్లది.

అవతారములవారి చరిత్ర ఇంకను చిన్నది. వెబ్ త్రీడీ కన్సార్టియమ్ అను సంఘమువారు 1990ల తుదిని హెచ్-ఆనిమ్ అను పట్టికను రచించిరి. అది 2006లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థవారి ముద్ర పొందెను, 2019లో సవరింపబడెను. వైద్యులతో సరిపోల్చదగినంత సూక్ష్మముగా, వెన్నుపూస ఒక్కొక్కదానికి ఒక్కొక్క కీలు చెప్పిన పట్టిక యది. అంత శ్రద్ధగా చేసినదైనను క్రీడలు నిర్మించువారిలో నధికులు దానిని చేపట్టలేదు. వారి చేతిలో నున్న పనిముట్టు ఏ పేళ్లు కోరునో వానినే వాడిరి. బొమ్మలను చేరవేయు గ్లిటిఎఫ్ అను ప్రమాణమో, కీళ్లను మోయునేగాని వానికి ఈ పేళ్లే యుండవలెనని శాసింపదు. వి. ఆర్. ఎమ్. దానిపైని తన పట్టికను చేర్చినది. చేతివ్రేళ్ల కదలికకై ఓపెన్ ఎక్స్ఆర్ అను వేఱొక ప్రమాణము చేతికి 26 స్థానములు చెప్పును. అందు బొటనవ్రేలికి మొదటినుండియు కరభాస్థి యను పేరే. బేసెల్ నగరపు సభవంటి సభ యీ విద్యకింకను జరుగలేదు. ప్రమాణముద్ర పొందిన పట్టిక బీరువాలోను, ముద్రలేని పట్టికలు వాడుకలోను ఉన్నవి. మన గ్రాంథిక వ్యావహారిక వాదము గుర్తునకు వచ్చుచున్నది గాని, దానిని కదపిన నీ సంచిక చాలదు.

కుడి యెడమల మాట యొకటి. వైద్యునికి కుడియనగా రోగి కుడి; అవతారమునకును అవతారము కుడియే. ఇందు మాత్రము పట్టికలన్నియు ఏకీభవించుచున్నవి. తోలుబొమ్మ తెఱ వెనుకనుండి యాడింపబడును గనుక ఆడించువాని కుడి చూచువారి యెడమ యగును. ఆ చిక్కును మేళమువారు మాటలతోగాక చేతివాటముతోనే తీర్చుకొందురు.

ఇక మా శిష్యుని చేతికి వత్తము. యూనిటీ, వి. ఆర్. ఎమ్. రెండును మనుష్యాకృతికి కనీసము 15 ఎముకలుండి తీరవలెనని నియమించినవి. నడుము, వెన్ను, తల అని మూడు. ఇరుప్రక్కల రెట్ట, ముంజేయి, హస్తము, తొడ, పిక్క, పాదము అని పండ్రెండు. మెడ లేకున్నను ఒప్పుకొందురు. హస్తము లేకున్న ఒప్పుకొనరు. ఈ నియమము చేసినవారికి ఎవరిని అవమానింపవలెననియు లేదు. ఎవరి కదలికనైనను ఎవరి బొమ్మకైనను తొడుగవలెనన్నచో ఇరువురికిని సామాన్యమైన కనీసపు దేహమొకటి కావలసినదే. కాని 'సామాన్యము' అనుమాట పట్టికలో 'అవశ్యకము' అని వ్రాయబడినది. కదలికలను పంచుకొనుటకై పుట్టిన నియమము దేహములను పరీక్షించుటకు నిలిచినది. హెచ్-ఆనిమ్ పట్టికలో అన్నిటికిని ఆధారమైన మూలకీలొక్కటి తప్ప తక్కినవన్నియు ఐచ్ఛికములు. ఎడమ హస్తము లేనివాడు దానిని వ్రాయకుండవచ్చును. దానికి వచ్చిన యాజ్ఞను ఎవరును గ్రహింపరు, అంతే. పేళ్లన్నియు ముందుగా నిర్ణయించియుంచుట వేఱు, అన్ని పేళ్లకును ఎముకలుండవలెననుట వేఱు. మొదటిది నిఘంటువు పని. రెండవది సైన్యములో చేర్చుకొనువాని పని.

అధికాంగముల గతియు నిట్టిదే. పదితలల రావణుని తోలుబొమ్మ నాడింపని మేళము లేదు. ఆ పట్టికలలో తలకొక్కటే చోటు. తక్కిన తొమ్మిది తలలను నామరహితములైన యదనపు కీళ్లుగా తగిలింపవచ్చునట; అవి ఊగునుగాని కదలికలో పాలుగొనవు. రావణునకు దీనివలన దుఃఖము లేదు గనుక ఆ విషయమంతటితో వదలుచున్నాము.

లేని హస్తమునకు ఉపాయమును మా శిష్యుడు నగరమునకు తిరిగిపోకముందే పన్నెను. ముంజేతి తుదను కంటికి కనబడని, నిడివిలేని యెముకనొకదానిని పెట్టి దానికి ఎడమ హస్తమని పేరిచ్చెను. కార్యక్రమము దానిని స్వీకరించెను. చూచువారికి అతని బొమ్మ అతనివలెనే యుండును. పట్టికలో మాత్రము అతనికి చేయి యున్నది. వివాహ సంబంధపు చీటిలో వలె వ్రాయవలసి వచ్చినదని మా యింటివారనిరి.

అటుపిమ్మట మేమిద్దఱమును కూడి ఆ 55 పేళ్లకును తెలుగు పేళ్లు వ్రాయబూనితిమి. అతని పల్లెలో ఈ విద్యను నేర్వగోరు పిల్లలు నలుగురైదుగురున్నారు. వారికి ఇంగ్లీషు పేళ్లు ఒక్కొక్కటియే మ్రింగుడుపడుట లేదట. 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలినాటినుండి శాస్త్రములను తెలుగున చెప్పవలెనను ప్రయత్నము జరుగుచునే యున్నది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకములును పదకోశములును ప్రకటించినది. కావున పేళ్లు లేకపోలేదు. భుజాస్థి, రత్ని, అరత్ని, కరభాస్థులు, జత్రుక అని పిల్లలు వల్లించుచునే యున్నారు. సంస్కృతము చదివిన మాకు వీనిలో కొన్నిటిని చూడగా బొటనవ్రేలి కథయే స్ఫురించినది. రత్ని, అరత్ని అనునవి కొలతలు: పిడికిలి బిగించిన మూర యొకటి, చిటికెనవ్రేలు చాచిన మూర యొకటి. చరకుడు రెండు ముంజేతుల నాలుగెముకలను కలిపి అరత్ని యను పేరితోనే చెప్పెను. మన పాఠ్యపుస్తకములలో రెండు కొలతలును రెండు వేర్వేఱు ఎముకలకు పేళ్లై కూర్చున్నవి. 1913లో కలకత్తానుండి ప్రత్యక్షశారీరమును ప్రకటించిన గణనాథసేనుడు వీనిని వాడక, ప్రకోష్ఠమను మాటకు లోపల, వెలుపల అనువానిని చేర్చి పేళ్లు కల్పించెను. పేరు పొడుగైనను ఎముక యెచటనున్నదో చెప్పును.

జత్రుక కథ యింకను వింతైనది. మెడక్రింది యడ్డెముకకు మన పాఠ్యపుస్తకముల పేరది. 1907లో ఆక్స్‌ఫర్డునందు ప్రాచీన భారత వైద్యుల అస్థిశాస్త్రమునుగూర్చి గ్రంథము ప్రకటించిన హెర్న్‌లే పండితుడు, సంహితలలో జత్రువనునది మెడకు సంబంధించినదేగాని ఈ యెముక కాదనియు, దీనికి అక్షకమే సరియైన పేరనియు వాదించెను. ఆయన వాదము మాకు సమ్మతము. కాని రెండు తరముల పిల్లలు జత్రుకయనియే చదివి పరీక్షలు నెగ్గిరి. ఇపుడు దానిని మార్చుట సత్యమా, బొటనవ్రేలివారు చేసినట్టి యుపద్రవమా?

మా శిష్యుని పద్ధతి సులువు. రెట్ట, ముంజేయి, తొడ, పిక్క, మడమ అని యింటిమాటలుండగా అస్థులెందుకని యాతని వాదము. అవతారమున నుండునవి కీళ్లేగాని అస్థులు కావు గనుక వైద్యుల పేళ్లను తెచ్చుటయే తప్పని అతడు మా తర్కమును మాకే యప్పగించెను. పిక్కయనగా కండయేగదా యని మేమంటిమి. తొడయు కండయే యని యతడనెను. చివరకు పేరులో మూడు తెలియవలెనని మాత్రమంగీకరించితిమి: ఏ ప్రక్క, ఏ భాగము, మొదటినుండి యెన్నవది. దాని ననుసరించి 'కుడి బొటనవ్రేలు ఒకటి, రెండు, మూడు' అని వ్రాసితిమి. మొదటిది కణుపా కరభమా యను వివాదము అంకెలో నడగిపోయినది. ఆ మూడంకెలతో సుశ్రుతుడును, 1.0 రూపమువారును ఒక పంక్తిలో కూర్చుండవచ్చును.

యాబదిమూడు వరుసలు నిండినవి. మెడక్రింది యడ్డెముకలు రెండింటికి నెదురుగా మాత్రము అతడు ఒక గడిలో జత్రుక యనియు, మేము మఱియొక గడిలో అక్షకమనియు వ్రాసి యుంచితిమి. పల్లెపిల్లల నడుగగా వారిలో నొకడు, కావడి మోసినప్పుడు ఒఱయు నెముక గనుక దానికి కావడెముక యని పేరు పెట్టరాదా యని యడిగెనట. ఉగాదికి వచ్చినపుడు నిశ్చయింతమని మా శిష్యుడు వ్రాసియున్నాడు.